ఏరు పొంగితే చెరువుంది!

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉప్మా తిరగవాత మాడిపోయింది. కారణం ఎవరనుకున్నారు? తుంగభద్ర డ్యాం!

నవ్వకండి. 2024 ఆగస్టు 10, శనివారం రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కాస్తా నీళ్లలో కొట్టుకుపోయింది. తెల్లారి టీవీలో ఆ వార్త వస్తుంటే పొయ్యి మీద బాణలి సంగతే మర్చిపోయి నిలబడిపోయాను. ఎందుకంటే సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 15 సెలవునాడు, అదే తుంగభద్రలో పుట్టెక్కి, గాలాలు వేసుకుంటూ మెల్లగా కర్నూలు దాకా రావాలని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. పుట్టి తాతకు వెయ్యి రూపాయలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

పుట్టి అంటే ఏమిటో కోస్తా వాళ్లకు చెప్పాలి కాబోలు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. ఒకప్పుడు దానికి కింద దున్నపోతు తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టలు వేసి తారు పూస్తున్నారు. ముందూ వెనకా అంటూ ఉండదు. ఒక్క తెడ్డుతోనే నడపాలి. నీళ్లు నిదానంగా ఉంటే ఉయ్యాలలో కూర్చున్నట్టుంటుంది. నీళ్లు ఉరికితే మాత్రం బొంగరమే!

ఈ ప్రయాణం మా నాయన కోరిక. ఆయన కేసీ కాలువ మీద లష్కరుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట గుండెకు ఆపరేషన్ అయినప్పటి నుంచి గడప దాటడం తక్కువ. ఆ జులైలో ఓ రోజు అన్నం తింటూ తింటూ "పాపా, ఇంకొక్కసారి ఏట్లో పుట్టెక్కి గాలమెయ్యాలని ఉండాది" అన్నారు. అంతే. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం నేనెరిగి అదే మొదలు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి అప్పుడే ఫోన్ చేశాను.

నాకూ ఓ కోరిక ఉంది లెండి. చిన్నప్పుడు నాయన వెంట గాలం పట్టుకుని నేనూ ఏటికి పోయేదాన్ని. ఎర్రలు తవ్వడం, బెండు కట్టడం అన్నీ తమ్ముడి కంటే నాకే బాగా వచ్చు. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ తర్వాత ఆదివారం నేను ఎప్పటిలాగే డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడితే, నాయన నా చేతిలోంచి డబ్బా తీసుకుని తమ్ముడికిచ్చారు. కోప్పడలేదు, ఏమీ అనలేదు. డబ్బా తీసుకున్నారంతే. మళ్లీ ఏటి గట్టున గాలంతో కూర్చోలేదు నేను. ఇలాంటివి మీ ఇళ్లలోనూ జరిగే ఉంటాయి. ఒకరికి సైకిలు, ఒకరికి ఈత, ఒకరికి చెట్టెక్కడం!

"సాయంత్రానికి తగ్గిపోతాదిలే!"

సంగతి తెలిసి తమ్ముడు ఫోన్లో అన్న మాట అది. "గేటే కదక్కా పోయింది, డ్యాం పోలేదు కదా! గురువారానికి నీళ్లన్నీ దిగిపోతాయి. టిక్కెట్లు... సారీ, కారు సర్వీసింగు కూడా చేయించినా."

నాయన పక్కనే ఉండి విన్నారు. ఫోన్ తీసుకుని, "ఒరే, డ్యాం నిండా నీళ్లుండాయి. ఉన్నది ముప్పైమూడు గేట్లు. ఒకటి పోతే తక్కిన వాటి మీద బరువు పడకుండా వాటినీ ఎత్తాల. గేటు పెట్టాలంటే నీళ్లు కిందికి దించాల. అంటే ఎన్ని రోజులు వదుల్తారో లెక్కేసుకో" అన్నారు. తమ్ముడు ఇంజనీరు. లెక్కేసుకున్నాడు కాబోలు, మాట్లాడలేదు.

నాయన చెప్పినట్టే అయింది. లక్ష క్యూసెక్కులకు పైగా వదిలారు. మన కర్నూలు జిల్లాలో కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో ఏటి ఒడ్డు జనం జాగ్రత్తగా ఉండాలని చాటింపు వేశారు. క్యూసెక్కు అంటే టీవీలో వినడమే తప్ప నాకెప్పుడూ బుర్రకెక్కలేదు. నాయన బిందెల లెక్కన చెప్పారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు, మన బిందెలతో రెండు బిందెలు. లక్ష క్యూసెక్కులంటే, గుమ్మం దగ్గర నిలబడి చిటికె వేసే లోపల రెండు లక్షల బిందెల నీళ్లు కాళ్ల ముందు నుంచి పోతాయన్నమాట. ఆ నీళ్ల మీద బుట్టలో కూర్చుని గాలం వేస్తామా?

అయినా కర్నూలు వాళ్లకు ఇది వేరే చెప్పాలా! 2009 అక్టోబరు 2 మాకు గాంధీ జయంతిగా గుర్తులేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊళ్లోకి వచ్చిన రోజుగా గుర్తుంది. ఆ రాత్రి శ్రీశైలానికి వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కుల దాకా ఉందని తర్వాత పేపర్లలో చదువుకున్నాం. మేం ఎదురింటి వాళ్ల మిద్దె మీద రెండు రాత్రులు గడిపాం. నీళ్లు తీశాక ఇంట్లో మోకాటి లోతు బురద. అమ్మ పట్టుచీరలు, మా పెళ్లి ఆల్బం, నాయన గాలాల పెట్టె అన్నీ ఆ బురదలోనే పోయాయి. అమ్మ ఇప్పుడు లేదు. బతికున్నన్నాళ్లూ వానొస్తే రాత్రిళ్లు లేచి వాకిలి తెరిచి చూసేది.

పుట్టి తాత ఇంట్లో

సోమవారం నాయన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని పుట్టి తాత వాళ్లింటికి వెళ్లాను. అడ్వాన్సు వెనక్కి అడగడానికి కాదు, సంగతి తెలుసుకుందామని. వేపచెట్టు కింద పుట్టి బోర్లించి ఉంది. దాని మీద కోళ్లు ఎక్కి కూర్చున్నాయి. తాత బీడీ ముట్టించుకుంటూ, "నీళ్లు ఎర్రగా తిరుగుతాండాయి, కట్టెలు కొట్టుకొస్తాండాయి. నురుగు సూసినావా? ఇట్ల నురుగుంటే నేను దిగను. కలెక్టరొచ్చి అడిగినా దిగను" అన్నాడు.

అవ్వ లోపల్నుంచి వచ్చి వెయ్యి రూపాయలు నా చేతిలో పెట్టబోయింది. నోట్లు మడత కూడా విప్పలేదు. నేను తీసుకోలేదు. "అట్ల కాదమ్మా. పని సెయ్యకుండా దుడ్డు పెట్టుకుంటే నిద్ర పట్టదు" అంది. తర్వాత ఆమె అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "నీళ్లొస్తే మాకు పండగనుకుంటారు అందురూ. నీళ్లు రాకపోయినా మాకు పస్తే, శానా వచ్చినా పస్తే."

నీళ్లు దిగాక ఎప్పుడైనా ఎక్కిస్తారు కదా, అప్పటిదాకా ఉంచండని నాయన చెప్పి ఒప్పించారు. రెండు తరాల గౌరవం రెండు వైపులా ఉంది కాబట్టి అంతటితో ఆగింది గానీ లేకపోతే ఆ వెయ్యి రూపాయలు ఆ వాకిట్లో పదిసార్లు చేతులు మారేవి!

మరి ఎక్కడికి?

ఇంటికొచ్చాక నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. నాయన మంచం మీద ఒరిగి చెబుతుంటే నేను రాసుకోవడం. ఆయన మొదట అడిగిన ప్రశ్నే నాకు చాలా నచ్చింది. "ఈ పొంగు ఏ నీళ్లది?"

అదే అసలు కిటుకట. ఇప్పుడు పొంగింది తుంగభద్ర. అది పైన కర్ణాటకలో పడ్డ వాన, డ్యాంలోంచి వస్తున్న నీళ్లు. రాజోలిబండ దాటి, సుంకేసుల దాటి కర్నూలుకొస్తాయి. కాబట్టి ఆ దారిలో ఉన్న చోటు ఏదీ వద్దు. సుంకేసుల వెనక నీళ్లూ వద్దు, కిందికి పోతే శ్రీశైలం వెనక జలాలూ వద్దు. మన మీద వాన లేదు కాబట్టి మన వానకు నిండే చెరువుల్లో, వేరే ఏటి మీదున్న నీళ్లలో ఈ పొంగు తెలియనే తెలియదు. అదే మన ఊరి మీద కుంభవృష్టి పడి వంకలు పొంగి ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు చిన్న చెరువు గట్టే ప్రమాదం.

తమ్ముడు వాట్సాప్‌లో ఓ జాబితా పంపాడు. అందులో మొదటిది కేసీ కాలువ! "ఇంటి పక్కనే ఉంది కదా, గట్టు మీద కూర్చుంటే చాలు" అని.

నాయన మొహం మారిపోయింది. ఆ కాలువ మీద ఉద్యోగం చేసిన మనిషి ఆయన. తెల్లవాళ్ల కాలంలో ఓ ప్రైవేటు కంపెనీ తవ్వి, నష్టపోయి, 1882లో సర్కారుకు అమ్ముకున్న కాలువ అది. కర్నూలు నుంచి కడప దాకా మూడొందల కిలోమీటర్లు. "ఏరు కోపమొస్తే అరుస్తాదిరా. కాలువ అరవదు" అన్నారు ఫోన్లో. "పైకి నున్నగా పోతాంటాది. గట్లు పాచి పట్టి ఉంటాయి. జారితే పట్టుకోడానికి గడ్డిపరక దొరకదు. సర్వీసులో ఎంతమందిని పైకి తీసినానో నీకు చెప్పల్యా." మాకెవరికీ చెప్పలేదాయన ఆ సంగతి, అమ్మకు తప్ప. ఆ తర్వాత కాలువ మాట ఎవరూ ఎత్తలేదు.

రెండోది గాజులదిన్నె. మన జిల్లా నుంచి 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టుకున్న ప్రాజెక్టు. అది హంద్రీ మీద ఉంది, తుంగభద్ర పొంగుతో సంబంధం లేదు. నాకు బాగా నచ్చింది. గోనెగండ్లలో నాతో చదువుకున్న స్నేహితురాలు ఉంటే కనుక్కోమన్నాను. మర్నాడు తన ఫోన్. "మే, ఇప్పుడు చేప గుడ్లు పెట్టే కాలమంట. మీరు వచ్చినా దిగనీయమంటాండారు. చలికాలంలో రమ్మంటాండారు." వాళ్లు చెప్పిందే న్యాయం. వానాకాలంలో కొత్తనీళ్లు తగలగానే చేప గుడ్లతో ఎదురెక్కుతుంది. అప్పుడు పట్టడం చాలా సులువు, చెరువు మరవ దగ్గర గోనెసంచి పట్టుకుని నిలబడినా పడతాయి. కానీ అప్పుడొక్క చేపను పట్టామంటే వచ్చే ఏటి చేపలన్నిటినీ పట్టినట్టే.

వెలుగోడు రిజర్వాయరు అన్నాడు తమ్ముడు. దాదాపు 17 టీఎంసీల నీళ్లు పట్టేది. "అది చెరువు కాదు, సముద్రం. గాలి లేస్తే అల ఒడ్డుకొచ్చి కొడతాది" అని నాయన కొట్టేశారు. గార్గేయపురం చెరువు మా మరదలికి నచ్చింది. నందికొట్కూరు రోడ్డులో ఊరికి దగ్గర, పక్కనే నగరవనం, పిల్లలకు కాలక్షేపం. నాయన కాదనలేదు గానీ సెలవునాడు జాతరలా ఉంటుందన్నారు. అందుకని దాన్ని ఆఖరి అస్త్రంగా పెట్టుకున్నాం. వాన పడ్డా, కారు మొరాయించినా, నాయనకు ఓపిక లేకపోయినా గార్గేయపురం.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మగవాళ్ల జాబితాలో నీళ్లెంత, చేపలెన్ని, రోడ్డెలా ఉంది... ఇంతే ఉంటుంది. ఆడవాళ్లు వెళ్లాల్సిన చోట మరుగెక్కడుంది, నీడెక్కడుంది, మందు తాగే గుంపులు చేరే చోటా కాదా అన్నది ఎవరూ రాయరు. నేను ప్రతి చోటి పక్కనా అది రాశాను. తమ్ముడు చూసి "ఇది మేం అనుకోనేలేదక్కా" అన్నాడు. అనుకోరని నాకు తెలుసు!

ఇంకో అడ్డంకి మా పక్కింటి పెద్దమ్మ. "శ్రావణమాసంలో చేపలేందే? పైగా శుక్రవారం వరలక్ష్మీ వ్రతం పెట్టుకుని!" నిజమే, ఆ యేడు వ్రతం ఆగస్టు 16నే పడింది. మరదలికైతే గురువారం బాబా వారం, గుడ్డు కూడా ముట్టదు. చేపలు ఇంటికి తేనని, తెల్లారేసరికి ఇల్లు కడిగేస్తానని పెద్దమ్మకు మాటిచ్చాను.

మంగళవారం రాత్రి దాకా ఏదీ తేలలేదు. అప్పుడు నాయనే మెల్లగా అన్నారు. "పోరుమామిళ్ల పోదాం. మా ఊరి చెరువుకు."

మా ఊరి చెరువు

నాయన పుట్టిన పల్లె కడప జిల్లాలో పోరుమామిళ్లకు దగ్గర. నాయన ఈత నేర్చుకున్నదీ, మొదటి గాలం వేసిందీ అక్కడే. నాకెందుకో ముందే తట్టలేదు. మన పుట్టిల్లే మనకు గుర్తుంటుంది గానీ నాయనకూ ఓ పుట్టిల్లుంటుందని గుర్తుకు రాదు కదా!

ఆ చెరువు వాన నీళ్లది. తుంగభద్రతో, కృష్ణతో పనిలేదు. నాయన చిన్నాయన కొడుక్కి ఫోన్ చేస్తే, చెరువులో చేపపిల్లలు వదిలి పెంచుకుంటున్నది ఊళ్లో మత్స్యకారుల సొసైటీ అని, వాళ్లనడగాలని అన్నాడు. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. చెరువు ఊరిది, నీళ్లు వానవి, చేప మాత్రం వాళ్లది. వాళ్ల కష్టం అది. సొసైటీ పెద్దమనిషి మూడు షరతులు పెట్టాడు. గాలం తప్ప వల వేయకూడదు. గుడ్ల చేప పడితే వదిలేయాలి. తినడానికి చేప వాళ్ల దగ్గరే కొనాలి. మూడూ ఒప్పుకున్నాం.

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, పెరుగన్నం, నాయన మందులు, పాతచీరలు రెండు, పిల్లలకు టైరు ట్యూబులు సర్దుకున్నాను. నంద్యాలలో ఉగ్గాని బజ్జీ. ఆళ్లగడ్డ, మైదుకూరు దాటేసరికి ప్రతి పల్లెలో బడి ముందు జెండా ఎగురుతోంది. ఓ బడి దగ్గర కారు ఆపితే మాకూ చాక్లెట్లు ఇచ్చారు.

పోరుమామిళ్ల పెద్ద చెరువు గట్టు దగ్గర నాయన దిగి నిలబడ్డారు. 1369 నాటి శాసనం ఉంది ఈ చెరువుకు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడట. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో రాశారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలని, ఆరు దోషాలు ఉండకూడదని కూడా రాశారు. గట్టులోంచి నీళ్లు ఊరకూడదు, చవుడు నేల కాకూడదు, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదు, నడుమ మిట్ట ఉండకూడదు, నీళ్లు కొంచెమై పొలం ఎక్కువ కాకూడదు, నీళ్లెక్కువై పొలం కొంచెం కాకూడదు. రెండు రాజ్యాల పొలిమేర సంగతి వినగానే తమ్ముడు పకపకా నవ్వాడు. ఆరు వందల యాభై ఏళ్ల కిందటే తెలుసన్నమాట మనవాళ్లకు, నీళ్ల తగాదాలు ఎలా ఉంటాయో!

మా ఊరి చెరువు దాని ముందు దోసెడు. నీళ్లు మరవకు చాలా కిందనే ఉన్నాయి. నాయన గట్టు మీద నిలబడి ఓ పది నిమిషాలు ఊరికే చూశారు. తర్వాత వంక నీళ్లు చెరువులో కలిసే మూల చూపించారు. బురద నీళ్లు, తేట నీళ్లు ఒరుసుకునే గీత అక్కడ కనబడుతోంది. "చేప ఆ గీత మీదనే తిరుగుతాంటాది. బురదలోంచి తిండి కొట్టుకొస్తాది, తేటలోంచి అది చూస్తాంటాది" అన్నారు. ఏరు పొంగినప్పుడూ అంతేనట. నడి ఏట్లో చేప నిలవదు, ఉరవడి లేని పాయల్లోకి, ఒడ్డున తుంగ మొదళ్లలోకి వచ్చేస్తుంది. పొంగులో చేపలన్నీ కొట్టుకుపోతాయని నేనింతకాలం అనుకున్నాను.

కూర్చోబోయే ముందు ఆయన ఇంకో పని చేశారు. నీటి అంచున ఓ పుల్ల గుచ్చారు. దానికి జానెడు పైన ఇంకోటి. "మొదటి పుల్ల మునిగితే సామాను సర్దండి. రెండోదాని దాకా ఎవురూ కూకోవాకండి." వాన లేని రోజు, నిలవ చెరువు, అయినా సరే గుచ్చారు. లష్కరు ఉద్యోగం ఎక్కడికి పోతుంది! మీరు పిల్లలతో ఏ నీళ్ల ఒడ్డుకు వెళ్లినా ఈ పుల్లల పని చేయండి, ఖర్చులేని గేజీ ఇది. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొత్తగా కొట్టుకొస్తున్నా, నురుగు కనిపించినా పుల్ల మునిగేదాకా కూడా ఆగకండి.

గాలం ఎవరికి?

మూడు వెదురు కట్టెలు తెచ్చుకున్నాం. ఒకటి నాయనకు, ఒకటి తమ్ముడికి, ఒకటి తమ్ముడి కొడుక్కి. మేనకోడలికి పన్నెండేళ్లు. ఆ వేసవిలోనే ఫంక్షన్ చేశాం. అది కట్టెల వంకే చూస్తూ నిలబడింది. "నేనూ వేస్తా తాతా" అనబోతే మా మరదలు కళ్లతోనే ఆపింది. మంచి పిల్లే మా మరదలు, చదువుకుంది, ఉద్యోగం చేస్తుంది. కానీ ఊళ్లో చుట్టాలందరూ గట్టు మీదున్నారు. ఏమనుకుంటారో అని భయం.

నేను నోరు తెరిచేలోపల నాయన తన చేతిలో కట్టె చూసుకున్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన చేతులు కొంచెం వణుకుతాయి. ఎర్రను ముల్లుకు గుచ్చడం కుదరక రెండుసార్లు జారింది. "ఈ కట్టె ఆ పిల్లకియ్యి పాపా. నువ్వు పక్కన కూకోని చూపించు. నీకు బాగా వచ్చు గదా" అన్నారు.

అంతకంటే ఏమీ అనలేదు. అప్పుడు డబ్బా తీసుకున్నప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అంతే. నేను చాలాసేపు ఎవరి మొహమూ చూడలేదు. ఎర్రను మూడుగా తుంచి గుచ్చాను. చేతులు మర్చిపోలేదు సుమండీ! ముప్పై ఎనిమిదేళ్లయినా బెండు ఎంత ఎత్తున కట్టాలో వేళ్లకే గుర్తుంది.

మధ్యాహ్నం దాకా పడినవి ఆరు పరిగెలు, ఒక జెల్ల. జెల్ల తమ్ముడిది. తొందరపడి చేత్తో పట్టుకోబోయి దాని ముల్లు గుచ్చుకుని గంటసేపు మూలిగాడు. జెల్లకు రెండు పక్కలా, వీపు మీదా ముళ్లుంటాయి, గుడ్డతో పట్టుకోవాలి. నేను తెచ్చిన పాతచీర దానికే! మేనకోడలికి చివర్లో జానెడు పైన ఉన్న పరిగె ఒకటి పడింది. అది ఎగిరిన గంతులకు గట్టు మీద మేకలు బెదిరిపోయాయి. నాయన ఆ చేపను తడిచేత్తో పట్టుకుని పొట్ట చూసి, "గుడ్లతో ఉండాది" అన్నారు. పిల్ల మొహం వాడిపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. ఎవరూ బలవంతం చేయలేదు. కాసేపటికి అదే వంగి నీళ్లలో వదిలింది. అది నిమిషం పాటు దాని వేళ్ల దగ్గరే ఆగి, తర్వాత తోక ఆడించి వెళ్లిపోయింది.

సొసైటీ వాళ్ల దగ్గర రెండు కిలోల బొచ్చె కొన్నాం. చిన్నాయన కొడుకు ఇంట్లో వదిన వండింది. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టి, ఉల్లిపాయలు నిప్పుల మీద కాల్చి, ఎండుకొబ్బరి, ధనియాలు, వెల్లుల్లితో కలిపి రోట్లో నూరింది. చింతపండు పులుసు బాగా మరిగాకే ముక్కలు వేసింది. గరిటె పెట్టలేదు, గిన్నెను అటూ ఇటూ తిప్పిందంతే. దించే ముందు మెంతిపొడి చిటికెడు. రాగిసంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుని తింటుంటే... వద్దులెండి, మళ్లీ శ్రావణమాసం గుర్తొస్తుంది. బాబా వారం పుణ్యాన మా మరదలు పెరుగన్నంతో సరిపెట్టుకుంది, వాసన మాత్రం ఆపుకోలేకపోయానని తర్వాత ఒప్పుకుంది.

రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. పెద్దమ్మకిచ్చిన మాట ప్రకారం పన్నెండు దాటాక ఇల్లు కడిగాను. మర్నాడు వ్రతం. ఆ రాత్రి, ఆ తర్వాతి రోజు హోస్పేటలో రిటైర్డ్ ఇంజనీరు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో, పోయిన గేటు చోట ఉక్కు పలకలు ఒకదాని మీద ఒకటి దించి నీళ్లు ఆపారు. పారే నీళ్లలోనే ఆ పని చేశారట. వ్రతం పీట ముందు కూర్చునే టీవీ చూశాం అందరం.

పుట్టి ప్రయాణం మాటేమైందంటారా? 2025 సంక్రాంతి అయ్యాక ఓ రోజు అవ్వ ఫోన్ చేయించింది. "నీళ్లు దిగినాయి. ఆ వెయ్యి రూపాయలు మా తల మీద అట్నే ఉండాయి. వస్తారా, రారా?" అని. తమ్ముడికి సెలవు లేదు. నేనూ నాయనే వెళ్లాం. ఏరు సన్నగా, తేటగా, అడుగున రాళ్లు కనిపించేలా ఉంది. నాయన్ని తాత రెక్క పట్టుకుని పుట్టిలో కూర్చోబెట్టాడు. నడుమ దాకా వెళ్లాక నాయన తెడ్డు అడిగి తీసుకున్నారు. రెండు మూడు సార్లు వేయగానే పుట్టి గిర్రున తిరిగింది. తాత నవ్వి, "వదిలెయ్ సామీ, అదే పోతాది" అన్నాడు. గంటసేపు ఉన్నాం. గాలం నా చేతిలోనే ఉంది. ఒక్క చేపా పడలేదు.